ఇన్‌కల్కేట్ మాస్టారు

అడ్మిషన్ల కాలం రాగానే ఊరంతా స్కూళ్ల ఫ్లెక్సీలు లేస్తాయి. ర్యాంకుల ఫొటోలకు కింద, ఏసీ గదుల ప్రకటనకు పైన ఒక ఇంగ్లీషు వాక్యం ఉండితీరుతుంది: 'వియ్ ఇన్‌కల్కేట్ స్టూడెంట్స్ విత్ వేల్యూస్'. జనం ర్యాంకులు చూస్తారు, ఫీజెంతో అడుగుతారు, నిట్టూర్చి వెళ్లిపోతారు. ఒక్క మనిషి మాత్రం స్కూటరుకు స్టాండు వేసి, కళ్లజోడు తుడుచుకుని, ఆ 'విత్' వంక చూస్తూ నిలబడిపోతారు.

"విలువల్ని పిల్లల్లో ఇన్‌కల్కేట్ చేస్తాం గానీ, పిల్లల్ని విలువలతో చేస్తామటయ్యా? పిల్లాడికి చొక్కా తొడుగుతామా, చొక్కాకి పిల్లాణ్ణి తొడుగుతామా?" అని గేటు దగ్గర వాచ్‌మన్‌ని నిలదీస్తారు.

"ఎన్నో క్లాసండీ బాబు?" అంటాడు వాచ్‌మన్, అడ్మిషన్ ఫారం తీస్తూ.

తెనాలి నుంచి తుని దాకా, ఆ మాటకొస్తే సిద్దిపేట నుంచి సూళ్లూరుపేట దాకా ఈ మాస్టారు లేని ఊరు ఉండదు. జూనియర్ కాలేజీలో ఇంగ్లీషు చెప్పి రిటైరై ఉంటారు. ఇంట్లో అట్ట ఊడిన రెన్ అండ్ మార్టిన్ ఇంగ్లీషు వ్యాకరణం ఒకటి, 1926లో తొలిసారి అచ్చయిన ఫౌలర్ వాడుక నిఘంటువు ఒకటి. ఈ 'విత్' తప్పని ఫౌలర్ ఏనాడో తేల్చేశాడు. అందుకే ఆ పుస్తకాన్ని దేవుడి గదిలో పెట్టాలనుకున్నారు గానీ భార్య ఒప్పుకోలేదు.

పాఠం చెప్పేటప్పుడు చూడాలి ఆయన్ని. లాటిన్‌లో 'కాల్క్స్' అంటే మడమ. ఆ మడమతో తొక్కి దిగేయడమే ఇన్‌కల్కేట్. ఇది నోటితో చెబితే చాలదని చెప్పు విడిచి, పాదం ఎత్తి, ప్లాట్‌ఫారం మీద దబదబా మోదేవారు. ముందు బెంచీ దుమ్ము కొట్టుకుపోయేది. తరవాత గ్లాసులో వేళ్లు ముంచి ఒక అమాయకుడి నోటుబుక్కు మీద చుక్క చుక్కగా రాల్చేవారు. 'స్టిల్లా' అంటే బొట్టు. బొట్టుబొట్టుగా లోపలికి దింపితే ఇన్‌స్టిల్. డిస్టిలరీ కూడా ఈ బొట్టులోంచి పుట్టిందేనని చెప్పగానే వెనక బెంచీలు నిద్రలేచేవి. తడిపి నానబెడితే ఇంబ్యూ. పైనుంచి ఒంపితే ఇన్‌ఫ్యూజ్.

ఇన్‌గ్రెయిన్ దగ్గరకొస్తే మాత్రం గంట కొట్టినా ఆగేవారు కాదు. మధ్యధరా తీరంలో ఓక్ చెట్ల మీద కెర్మిస్ అనే పురుగులు ఉంటాయి. ఎండితే అచ్చం గింజల్లాగే కనిపిస్తాయి. గింజలే అనుకున్నారు పూర్వులు. వాటినుంచి తీసిన ఎర్రరంగుకు 'గ్రెయిన్' అనే పేరు అలా వచ్చింది. ఆ రంగులో అద్దిన బట్ట ఎన్ని ఉతుకులకైనా వెలిసేది కాదు. మనిషిలో అలా పట్టేసిన గుణం ఇన్‌గ్రెయిన్డ్. ఈ పురుగు కథ మీద పరీక్షలో ఒక్క ప్రశ్నా రాలేదు. పాత విద్యార్థులు కలిస్తే చెప్పుకునేది మాత్రం దీని గురించే.

ఏ క్రియ పక్కన ఏ మాట కూర్చోవాలన్నదీ ఆయనకు పట్టింపే. ధైర్యమైనా భయమైనా ఇన్‌స్టిల్ చేయాలి. క్రమశిక్షణ, మంచి అలవాట్లు ఇన్‌కల్కేట్ చేయాలి. జ్ఞానాన్ని ఇంపార్ట్ చేయాలి. అందులో వాటా పంచే అర్థం ఉంది, పంచినా తరగని ఆస్తి అదొక్కటే కదా అని ఒక ఉపన్యాసం. చతికిలపడ్డ పార్టీలోకి కొత్త ఊపిరి ఇన్‌ఫ్యూజ్ చేయాలి. ఎవరైనా 'ఇంపార్ట్ ఫియర్' అన్నారంటే ఆయనకు ఆ పూట అన్నం సహించదు.

ఇక ఇండాక్ట్రినేట్. పదిహేడో శతాబ్దంలో ఈ మాటకు వట్టి బోధించడమనే అర్థం. డాక్టరుకూ దీనికీ మూలధాతువు ఒకటే. ఇరవయ్యో శతాబ్దంలో దీనికి చెడ్డపేరొచ్చింది. 1950లో ఎడ్వర్డ్ హంటర్ అనే అమెరికన్ పాత్రికేయుడు చైనా మాటను అనువదించి బ్రెయిన్‌వాష్ అనే పదాన్ని జనంలోకి తెచ్చాక, రెండూ ఒకే గూటికి చేరాయి. మాస్టారి లెక్కలో తేడా అర్థంలో లేదు, మాట్లాడేవాడిలో ఉంది: మనవాళ్లు చేస్తే ఇన్‌స్టిల్, అవతలి పార్టీవాళ్లు చేస్తే ఇండాక్ట్రినేట్. నిఘంటువుల్లో దీనికన్నా మంచి నిర్వచనం ఉంటుందనుకోను.

ఇంట్లో ఈ పప్పులేం ఉడకవు. మనవణ్ణి ఒళ్లో కూర్చోబెట్టుకుని ఆయన మొదలుపెట్టగానే వంటింట్లోంచి వినిపిస్తుంది: "ఏమండీ, వాడి చెవిలో ఇల్లు కట్టుకుని ఏం నూరిపోస్తున్నారు?" నూరడమూ పోయడమూ! మడమా బొట్టూ ఒక్క మాటలో ఇమిడిపోయాయి. దానికి సరిపడే ఇంగ్లీషు క్రియ కోసం ఆయన ఇంకా వెతుకుతూనే ఉన్నారు.

మంచి విషయాలు బొట్టుబొట్టుగా దిగాలన్నది ఆయన సిద్ధాంతం. ఆచరణ మాత్రం పూర్తిగా మడమే. ప్రిపొజిషన్ తప్పితే వందసార్లు ఇంపొజిషన్ రాయాలి. డాలస్‌లో ఉన్న కొడుకు వాట్సాప్‌లో ఇన్‌స్టిల్‌కు రెండు ఎల్‌లు రాస్తే, కుశల ప్రశ్నకన్నా ముందు ఒక ఎల్ కొట్టేయమని జవాబు వెళుతుంది. అక్కడ రెండు ఎల్‌లే రాస్తారని కొడుకు వాదించడు. చిన్నప్పుడు రాసిన ఇంపొజిషన్లు వాడికింకా గుర్తే.

ఈమధ్య పక్కింటి డిగ్రీ కుర్రాడు ఫోను పట్టుకొచ్చాడు. "మాస్టారూ, ఇన్‌కల్కేట్ పక్కన విత్ కూడా వాడొచ్చట. డిక్షనరీలో ఉందండీ."

మాస్టారు చదివారు. నిజమే, ఇప్పటి నిఘంటువులు రెంటినీ ఒప్పుకుంటున్నాయి. కాసేపు మాట్లాడలేదు.

"అందులోనే ఇన్‌స్టిల్ చూడరా. ఎన్ని ఎల్‌లు?"

"రెండండీ."

"చూశావా? ఫోనే అమెరికాది!" అని తిరిగిచ్చేశారు.

సర్వేపల్లి రాధాకృష్ణన్ పుట్టినరోజును 1962 నుంచి ఉపాధ్యాయ దినోత్సవంగా జరుపుకుంటున్నాం. సెప్టెంబరు 5న ఈ క్రియలన్నిటికీ చేతినిండా పని. ఆ రోజు మీ ఊరి సభలో ఇంగ్లీషులో నాలుగు ముక్కలు మాట్లాడాల్సి వస్తే ఇన్‌కల్కేట్ తరవాత 'ఇన్' వేయండి, ఇంబ్యూ తరవాత 'విత్' వేయండి, ఇంపార్ట్ తరవాత 'టు' వేయండి. అంత గుర్తుండదనుకుంటే తెలుగులో మాట్లాడండి. మాస్టారు రెండో వరుసలోనే ఉంటారు; సభ ముగిశాక టీ దగ్గర దొరికారంటే మిమ్మల్ని ఇంటికి పంపరు.