నదుల అనుసంధానం నేర్పబడును

మైత్రీవనం చుట్టుపక్కల గోడల మీద లేని విద్య లేదు. జావా నేర్పుతారు, శాప్ నేర్పుతారు, డేటా సైన్స్ నలభై అయిదు రోజుల్లో నేర్పి ‘రియల్ టైమ్ ప్రాజెక్టు’ కూడా చేయిస్తారు. కాస్త ఎక్కువ చదివిస్తే, ఒక్క రోజు ఉద్యోగం చేయనివాడికి మూడేళ్ల అనుభవం పుట్టించే మహానుభావులూ ఉన్నారని వినికిడి. ఇన్ని ఉన్న అమీర్‌పేటలో నదుల అనుసంధానానికి ఒక్క కోచింగ్ సెంటరూ లేకపోవడం పెద్ద వెలితి. గిరాకీ లేక కాదు. పంజాగుట్ట చౌరస్తాలో ఏ టీ కొట్టు దగ్గరైనా నిలబడి, గోదావరి నీళ్లను రాయలసీమకు మళ్లిస్తామనే పథకం పేరు ‘బనకచర్ల’ అని ఒక్క మాట అనండి. టీ చల్లారేలోపు నలుగురు చీఫ్ ఇంజినీర్లు తయారవుతారు. ఇద్దరు ఆ వైపు, ఇద్దరు ఈ వైపు. నలుగురూ కాలువ గట్టు మీద నిలబడి ఎన్నాళ్లయిందో మాత్రం అడక్కండి.

కనుక ఆ సెంటరేదో మనమే పెడదాం. డెమో క్లాసు ఉచితం.

మొదటి పాఠం కంఠస్థం చేయాల్సిందే: ‘గోదావరిలో ఏటా మూడు వేల టీఎంసీలు వృథాగా సముద్రం పాలవుతున్నాయి.’ ‘వృథాగా’ దగ్గర గొంతు జీరబోవాలి. అవి ఏ నెలలో పోతున్నాయి సార్ అని అడిగిన కుర్రాణ్ణి ఫీజు వాపసిచ్చి మరీ పంపేయాలి. ఎందుకంటే అవి పోయేది వానాకాలం వరదలో. 2022 జులైలో ధవళేశ్వరం దగ్గర ప్రవాహం పాతిక లక్షల క్యూసెక్కులు దాటింది. గోదావరి నీటిని కృష్ణకు ఎత్తిపోసే పట్టిసీమలో ఇరవై నాలుగు పంపులూ ఒక్కసారి తిప్పితే లాగేది 8,500 క్యూసెక్కులు. మూడు వందల కడవల్లో ఒకటి ఎత్తుకుని, మిగతావి వృథా అయ్యాయని ఏడవడం మన ఆచారం.

పట్టిసీమను పూర్తిగా కొట్టిపారేయను. కృష్ణకు ఎగువ నుంచి నీరు రాని ఏళ్లలో డెల్టా నారుమళ్లకు అది వేళకు అందింది. ఆ రైతు దాన్ని మెచ్చుకుంటే తప్పు పట్టే హక్కు పంజాగుట్టలో కూర్చున్న నాకు లేదు. నా పేచీ పైలాన్‌తో. 2015లో ఆ నీళ్లు ఇబ్రహీంపట్నం దగ్గర కృష్ణలో పడగానే దేశంలో నదుల సమస్య తీరిపోయినట్టు పండగ చేశారు, ఆ చోటికి పవిత్ర సంగమమని పేరు పెట్టారు. అక్కడ కలిసిన నీటిని ఆపడానికి దిగువన ఉన్నది ప్రకాశం బ్యారేజీ. దాని నిల్వ మూడు టీఎంసీలు.

ఇక గోదావరి పొంగినప్పుడు కృష్ణ ఎండి, చేతులు చాచి కూర్చుంటుందని ఎవరు చెప్పారో గాని, రెండింటికీ వాన తెచ్చేది ఒకే రుతుపవనం. 2024 సెప్టెంబరు మొదట్లో ప్రకాశం బ్యారేజీ మీదుగా పదకొండు లక్షల క్యూసెక్కులు దాటి పోయాయి. పోలవరం కుడి కాలువలో వచ్చే గోదావరి నీళ్లు చివరి అంచెలో కృష్ణను చేరేది బుడమేరు మళ్లింపు కాలువ మీదుగానే. సరిగ్గా ఆ వరదలోనే ఆ కాలువకు గండ్లు పడి సింగ్‌నగర్ మునిగింది. గోదావరిని మోయాల్సిన కాలువ ఇంటి పక్క బుడమేరునే మోయలేకపోయింది.

సముద్రంలోకి పోయే ప్రతి చుక్కా వృథా అయితే పులస ఏ దారిన వస్తుంది? పుస్తెలమ్మైనా తినాలని చెప్పుకునే చేప సముద్రం నుంచి గోదారికి ఎదురీదేది ఆ ‘వృథా’ ఎర్రనీటి వాసన పట్టుకునే. డెల్టాకు ఒండ్రు తెచ్చేదీ, ఉప్పునీరు పైకి ఎగబాకకుండా నెట్టేదీ అదే వృథా. 2023లో నేచర్ కమ్యూనికేషన్స్‌లో ఒక పరిశోధన వచ్చింది. రాసినవారిలో ఐఐటీ బొంబాయి వాళ్లతో పాటు మన హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీ ఆచార్యుడూ ఉన్నాడు. నదులన్నీ కలిపితే ఇప్పటికే నీటి ఎద్దడి ఉన్న ప్రాంతాల్లో సెప్టెంబరు వాన పన్నెండు శాతం దాకా తగ్గవచ్చని వాళ్ల లెక్క. ఇది మా సిలబస్‌లో ఉండదు, పరీక్షలో రాదు.

రెండో పాఠం మిగులు గణితం. మన నదిలో మిగులు ఎప్పుడూ ఉండదు; మిగులు ఉండేది పొరుగువాడి నదిలో. గోదావరి–కావేరి అనుసంధానం చూడండి. ఇచ్చంపల్లి దగ్గర మొదలై నాగార్జునసాగర్, సోమశిల మీదుగా తమిళనాడు గ్రాండ్ ఆనికట్‌కు పోవాలి. నీళ్లెక్కడివి? ఇంద్రావతిలో ఛత్తీస్‌గఢ్ ఇంకా వాడుకోని వాటా. ఛత్తీస్‌గఢ్ ఒప్పుకోవడం లేదు. అత్త సొమ్ము అల్లుడు దానం చేశాడని విన్నాం. ఇక్కడ అత్త వద్దని అరుస్తుండగానే అల్లుడు డీపీఆర్ రాసేశాడు.

రాని నీటిని ముందే పంచుకోవడంలో కూడా మనకు సాటి లేదు. పోలవరం నుంచి కృష్ణకు 80 టీఎంసీలు మళ్లిస్తే ఎగువన కర్ణాటకకు 21, మహారాష్ట్రకు 14, ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌కు 45 అని బచావత్ ట్రైబ్యునల్ 1980లోనే రాసింది. ఆ 45 ఇప్పుడు మావేనని తెలంగాణ. పోలవరం డ్యామ్‌లో నీళ్లు నిలవడానికి లక్షకు పైగా కుటుంబాలు ఊళ్లు వదలాలన్న లెక్క గురించి మాత్రం ఇంత పోటాపోటీ లేదు. ఆ కొండరెడ్లూ కోయలూ మావాళ్లేనని ఏ రాష్ట్రమూ వాదనకు దిగినట్టు కనపడదు.

చరిత్ర క్లాసు పొట్టిగా ముగిద్దాం. 1972లో కె.ఎల్.రావుగారు గంగా–కావేరి పథకం చెప్పారు: 2,640 కిలోమీటర్లు, నీటిని దాదాపు 550 మీటర్ల ఎత్తుకు తోడాలి. నాగార్జునసాగర్ కట్టిన తలకాయ అది, తేలిగ్గా తీసేయలేం. అయినా కరెంటు లెక్క చూసి కేంద్ర జలసంఘమే వెనక్కి తగ్గింది. 1980లో జాతీయ ప్రణాళిక, 1982లో దానికో సంస్థ, ముప్పై లింకులు. 2002లో సుప్రీంకోర్టు తొందరపెడితే 2016కల్లా అన్నీ పూర్తి అన్నారు. కెన్–బెత్వాకు శంకుస్థాపన జరిగింది 2024 డిసెంబరు 25న. ముప్పైలో మొదటిది, శంకుస్థాపన మాత్రమే. ఇంతకన్నా ముందే తుంగభద్ర నీళ్లను పెన్నకు తెచ్చిన కర్నూలు–కడప కాలువ మనకుంది. తవ్వింది ఓ ఇంగ్లీషు కంపెనీ. సాగునీటి మీద, పడవల మీద లాభాలు వస్తాయని తవ్వింది, నష్టాల్లో మునిగింది, 1882లో సర్కారు కొనుక్కుంది. లాభం కంపెనీది, నష్టం ఖజానాది అనే సూత్రానికి మనం కొత్తగా కలిపిందేమీ లేదు. కాళేశ్వరంలో రూపాయి పెడితే 52 పైసలే తిరిగొస్తాయని కాగ్ 2024లో చెప్పింది. అంతకు కొన్ని నెలల ముందే, 2023 అక్టోబరులో ఆ పథకపు మేడిగడ్డ బ్యారేజీ కుంగింది.

ఇక ప్రాక్టికల్స్‌కు ఎక్కడికో వెళ్లక్కర్లేదు. అమీర్‌పేటలో మెట్రో ఎక్కి, పంజాగుట్ట దాటి, ఎర్రమంజిల్‌లో దిగితే జలసౌధ. రాష్ట్రం విడిపోయాక 2014 చట్టం కింద పుట్టిన గోదావరి బోర్డు, కృష్ణా బోర్డు రెండూ ఏళ్ల తరబడి ఆ ఒక్క భవనంలోనే కాపురమున్నాయి. రెండు నదులూ నిజంగా కలిసింది ఆ మెట్ల మీదే. పంపులు లేవు, భూసేకరణ లేదు, పర్యావరణ అనుమతి లేదు, ప్రవహించింది ఉత్తరాలు. ‘మీరు మా నీళ్లు వాడేస్తున్నారు’ అని అటు నుంచి ఒకటి, ‘మీరే వాడేస్తున్నారు’ అని ఇటు నుంచి ఒకటి. 2025లో పోలవరం–బనకచర్ల మీద రాసుకున్నవి కూడా అదే వరస: ఎనభై వేల కోట్ల అంచనా, రెండు వందల టీఎంసీల వరదనీరు, కేంద్ర నిపుణుల కమిటీ తిప్పి పంపిన దరఖాస్తు.

ఉత్తరాల సంగతి అలా ఉంచి, నీళ్ల సంగతి చూద్దాం. హైదరాబాద్ ఉన్నది మూసీ ఒడ్డున, అంటే కృష్ణా పరీవాహకంలో. 2015 నుంచి ఎల్లంపల్లి గోదావరి నీళ్లు గొట్టాల్లో ఈ నగరానికి వస్తున్నాయి. వచ్చిన నీళ్లతో మనం స్నానం చేస్తాం, అంట్లు తోముతాం, హాస్టల్ మేడ మీద ట్యాంకు పొంగిస్తాం. తర్వాత అవి నాలాల్లో పడి మూసీకి చేరతాయి. మూసీ నల్లగొండ జిల్లా వాడపల్లి దగ్గర కృష్ణలో కలుస్తుంది. గోదావరి–కృష్ణ అనుసంధానం అమీర్‌పేట బాత్రూముల మీదుగా రోజూ, పన్నెండు నెలలూ, ఏ ట్రైబ్యునల్ అనుమతీ లేకుండా నడుస్తోంది! పైలాన్ కట్టేవాడే లేడు. మూసీ కింది ఊళ్లలో వరి, పశువుల గడ్డి పండేది ఈ నీళ్లతోనే. ఎండాకాలంలో కూడా తప్పకుండా నీరందే రైతు ఈ రెండు రాష్ట్రాల్లో ఎవడయ్యా అంటే, మన మురుగు కింద సేద్యం చేసేవాడే. ఆ కంపు, ఆ చర్మరోగాలు అతనివి, అనుసంధానం ఘనత ఎవరిదీ కాదు.

గోదావరిని మరో బేసిన్‌కు మళ్లించడం అన్యాయమని ఢిల్లీలో వాదించే తెలంగాణ ప్రభుత్వం, 2025 సెప్టెంబరులో హైదరాబాద్ గోదావరి తాగునీటి పథకం రెండో దశకు శంకుస్థాపన చేసింది: మల్లన్నసాగర్ నుంచి 20 టీఎంసీలు, అందులో రెండున్నర మూసీ పునరుజ్జీవానికి. మూసీ ఏ నదికి ఉపనది? మా సెంటర్లో ఈ ప్రశ్న అడిగినవాడికీ ఫీజు వాపసు. అటు విజయవాడ నుంచి, సీమకు నీళ్లంటే ఎనభై వేల కోట్లు పెట్టడానికి వెనుకాడం అని చెప్పిన పెద్దలకూ ఒక ప్రశ్న మిగిలింది. హంద్రీ–నీవా, గాలేరు–నగరి ఎన్నేళ్ల కిందట మొదలయ్యాయి? ప్రధాన కాలువ తవ్వినచోటల్లా చేనుదాకా పిల్ల కాలువ తవ్వారా? పిల్ల కాలువకు పైలాన్ ఉండదు, హెలికాప్టర్ దిగదు, టెండరు చిన్నది. అది కాబట్టే మిగిలిపోతుంది.

ఇలా మిగిలిపోయిన పనుల్లో అన్నిటికన్నా కళ్లెదుటి ఉదాహరణ శ్రీశైలం ఎడమగట్టు సొరంగం. ఒకే బేసిన్, ఒకే రాష్ట్రం. పక్క రాష్ట్రపు ‘మిగులు’ మీద దావా లేదు, పంపు కూడా అక్కర్లేదు, నీరు వాలుకే పారుతుంది. ఫ్లోరైడ్‌తో ఎముకలు వంగిన నల్లగొండకు కృష్ణా నీళ్లు తేవడానికి 44 కిలోమీటర్ల సొరంగం. పని మొదలై ఇరవై ఏళ్లు. 2025 ఫిబ్రవరి 22న దోమలపెంట వైపు సొరంగం కూలి లోపల ఎనిమిది మంది పనివాళ్లు చనిపోయారు. సొరంగం ఇంకా పూర్తి కాలేదు. ఈసారి ఎవరైనా మూడు వేల టీఎంసీల పాఠం ఎత్తుకుంటే, ముందు ఆ 44 కిలోమీటర్ల సంగతి అడగండి.