ఉల్లాసం గారు

అసలు పేరు జీతం స్లిప్పు మీద ఉంటుంది గానీ, ఆఫీసంతా ఆయన్ని ఉల్లాసం గారనే అంటుంది. హైటెక్ సిటీ చుట్టుపక్కల ఏ అద్దాల మేడ ఎక్కినా ఏదో ఒక అంతస్తులో ఇలాంటివారు తగులుతారు. ఒక చేతిలో బ్లూటూత్ స్పీకరు, ఇంకో చేతిలో తంబోలా టికెట్లు, మెడలో ఐడీ కార్డు పక్కనే ఈల. ఉద్యోగుల్ని సంతోషంగా ఉంచడమే ఆయన ఉద్యోగం. ఆయన ఇంక్రిమెంటు మన సంతోషం మీదే ఆధారపడి ఉంది కాబట్టి, ఎవరైనా దిగులుగా కనిపిస్తే ఓ పట్టాన వదిలిపెట్టరు.

గురువారం సాయంత్రం మెయిలొస్తుంది. "రేపు నాలుగింటికి ఫన్ ఫ్రైడే! అందరూ సరదాగా రండి. హాజరు తప్పనిసరి." రానివాళ్ల జాబితా మేనేజరుకి వెళ్తుంది. సరిగ్గా అమెరికా క్లయింటు నిద్రలేచి మెయిళ్లు చూసుకునే వేళకి ఇక్కడ మేం నోట్లో చెంచా, చెంచాలో నిమ్మకాయ పెట్టుకుని నడుస్తుంటాం. ఆ గంట పని రాత్రికి జరుగుతుంది, రాత్రి పని శనివారానికి.

టెస్టింగ్ అమ్మాయి ఒకసారి బతిమాలుకుంది. "సార్, ఈ బగ్ ఇవాళే తేల్చాలి సార్. ఈ ఒక్కసారికి వదిలెయ్యండి."

"బగ్గెక్కడికి పోతుందమ్మా? బెలూన్లకైతే గాలి దిగిపోతుంది!"

పండగలొస్తే మరీను. బతుకమ్మకి ఆడవాళ్లు తమంతట తామే తంగేడూ గునుగూ తెచ్చుకుని, లిఫ్టు ముందు పేర్చుకుని, చుట్టూ తిరుగుతూ పాడుకునేవాళ్లు. ఈయనొచ్చి దానికి మార్కులు పెట్టారు. ఎత్తుకి పది, రంగులకి పది, టీమ్ స్పిరిట్‌కి ఇరవై. అకౌంట్స్ వాళ్లకీ పేరోల్ వాళ్లకీ అప్పట్నుంచి మాటల్లేవు. సంక్రాంతికి కార్పెట్ పాడవకూడదని గొబ్బెమ్మల్ని థర్మకోల్‌తో చేయించారు. గుమ్మడిపువ్వు మాత్రం అసలుదే. పాపం, ఎందులో గుచ్చారో దానికి అర్థమైనట్టు లేదు.

ఊరికే ఆడిస్తున్నారంటే ఆయన నొచ్చుకుంటారు. ప్రతి ఆటకీ ఓ స్లైడుంది. ఇంగ్లండులో వార్విక్ విశ్వవిద్యాలయం ఆర్థికవేత్తల ప్రయోగంలో, సంతోషపెట్టినవాళ్లు సుమారు 12 శాతం ఎక్కువ పని చేశారన్నది మొదటి స్లైడు. నిజమే, 2015లో అచ్చయిన పరిశోధన అది. ఒక విడత కామెడీ క్లిప్పు చూపించి, ఇంకో విడత చాక్లెట్లూ పళ్లూ పెట్టి, రెండంకెల సంఖ్యల్ని పది నిమిషాలు కూడమన్నారు. పది నిమిషాల కూడికలకి చాక్లెట్టు చాలు. పదకొండు గంటల డ్యూటీకి ఏం పెట్టాలో స్లైడులో లేదు.

జీతం మాటెత్తితే రెండో స్లైడు తీస్తారు. ఫ్రెడరిక్ హెర్జ్‌బర్గ్ అనే అమెరికా మనస్తత్వవేత్త 1959లోనే చెప్పాడు, జీతం తక్కువైతే అసంతృప్తి కలుగుతుంది గానీ పెంచినంత మాత్రాన సంతృప్తి రాదని. "చూశారా, ఆనందం డబ్బుతో రాదండీ!" మరి అదెక్కడ్నుంచి వస్తుందో కూడా ఆ పెద్దమనిషే చెప్పాడు. చేసే పనిలోంచి, సాధించామన్న తృప్తిలోంచి, నలుగురూ గుర్తించడంలోంచి. ఆ సగం స్లైడులో పట్టలేదనుకుంటాను. తంబోలా ఊసైతే హెర్జ్‌బర్గ్ ఎక్కడా ఎత్తలేదు.

మనిషి మాత్రం చెడ్డవారు కారు. ఎవరింట్లో ఎవరికి ఒంట్లో బాగోలేకపోయినా ముందు ఫోన్ చేసేది ఆయనే. ఏసీ కింద కూర్చున్నవాళ్లు శాలువాలు కప్పుకుని టైపు చేస్తుంటే, మెయింటెనెన్స్ వాళ్ల వెంటపడి దాన్ని దారికి తెచ్చింది ఆయనే. రాత్రి క్యాబు కూకట్‌పల్లి వాళ్లని మియాపూర్ దాకా తిప్పి దించుతుంటే రూటు మార్పించిందీ ఆయనే. ఆ నెల ఆఫీసు ఎంత హాయిగా ఉందో! అవి మాత్రం తన రిపోర్టులో రాసుకోలేదు. ఎందుకండీ అంటే, "ఏసీతో ఫోటో ఏం దిగుతామండీ" అన్నారు.

నెలాఖరున సర్వే. సంతోషానికి ఐదుకి మూడు వేశామా, "ఏమైందమ్మా, మనసులో పెట్టుకోకు" అంటూ గంటసేపు కూర్చోబెడతారు. అందుకని అందరం ఐదే వేస్తాం.

మొన్న నవ్వుల యోగా పెట్టారు. 1995లో ముంబై పార్కులో మదన్ కటారియా అనే డాక్టరు ఐదుగురితో మొదలుపెట్టిన నవ్వు, నడుచుకుంటూ మా కాన్ఫరెన్సు గదిదాకా వచ్చింది. లోపల తలుపులేసుకుని పాతికమంది వాచీలు చూసుకుంటూ "హో హో, హ హ హ" అంటున్నారు. డెలివరీ ఉందని ఎలాగో తప్పించుకున్న టెస్టింగ్ అమ్మాయి, అదే సమయంలో, చాన్నాళ్లుగా చేతికి చిక్కని బగ్గుని పట్టేసింది. అమెరికావాళ్లు నెల ముందు రాస్తారు, మనం తేదీ ముందు రాస్తాం, గొడవంతా అక్కడుంది. "దొరికిందే!" అని కుర్చీలోంచి ఎగిరింది. పక్క సీట్లవాళ్లు పరిగెత్తుకొచ్చారు. చప్పట్లు, కేకలు, ఎవరో అందరికీ టీలు చెప్పారు. ఆ అమ్మాయి కళ్లలో నీళ్లొచ్చేలా నవ్వుతోంది.

కాన్ఫరెన్సు గది తలుపు తెరుచుకుంది. ఉల్లాసం గారు తల బయటపెట్టి, పెదాల మీద వేలుంచి, "కాస్త మెల్లగా అమ్మా, లోపల నవ్వుకుంటున్నాం" అన్నారు.