కుక్కనివ్వని కొట్టు

అయ్యా, ఇది ఫిర్యాదు. ఎవరికిచ్చుకోవాలో తెలియక పాఠకులకిచ్చుకుంటున్నాను.

నేను సంసారిని. వయసు అరవై నాలుగు. మూడో అంతస్తులో రెండు గదుల ఫ్లాటు, ఒక భార్య, సెలవులకొచ్చే మనవడు. కుక్క కావాలని ఆ మనవడు మూడు రోజులు అన్నం మానేశాడు, బిస్కెట్లు మానలేదు. సరే, హైదరాబాదులో చలికాలం కుక్కల ప్రదర్శనల కాలం కదా అని ఓ ఆదివారం జేబులో డబ్బు పెట్టుకుని, వాణ్ణి వెంటబెట్టుకుని బయల్దేరాను. డబ్బుతో వచ్చినవాణ్ణి ఏ కొట్టువాడైనా వెనక్కి పంపడం నా ఎరుకలో లేదు. ఆ రోజు అదీ చూశాను.

ప్రదర్శన మైదానం మూల ఒక షామియానా. కింద బల్ల, వెనకాల కుక్కజాతుల బొమ్మలతో బ్యానరు. బల్ల దగ్గర నలుగురు కుర్రకారు. వారమంతా కంప్యూటర్ల ముందు కూర్చుని, దొరికిన ఒక్క ఆదివారాన్నీ పైసా పుచ్చుకోకుండా ఇక్కడ కుక్క కొనదలచినవాళ్ళకు సలహాలివ్వడానికి ధారపోస్తున్నారట. జీతగాడైతే నయానో భయానో దారికి తెచ్చుకోవచ్చు. ఊరికే పనిచేసేవాడితో ఎవడు వేగగలడు?

మొదటి అభియోగం: నన్ను 'అంకుల్' అన్నారు. అది క్షమించాను.

రెండోది క్షమించలేనిది. "చిన్నప్పుడు మా ఇంట్లో పామేరియన్ ఉండేదమ్మా, టామీ" అన్నాను గర్వంగా. ఆ నలుగురిలో ఒక అమ్మాయి నవ్వి, "అది ఇండియన్ స్పిట్జ్ అయ్యుంటుంది అంకుల్. మన దగ్గర పామేరియన్ అని పిలిచేవి చాలావరకు అవే. అసలు పామేరియన్ ఇంకా బుల్లిది" అంది. నలభై ఏళ్ళ కిందట పోయిన మా టామీకి, అది బతికుండగా ఎవరూ చెయ్యని సాహసం చేసి, గోత్రం మార్చేసింది.

పోనీ హస్కీ ఇప్పించమన్నాను. నీలికళ్ళు, తోడేలు ముఖం, కాలనీలో పరువు. అక్కడున్న కుర్రాడి పక్కనే ఒక హస్కీ పడుకుని ఉంది, వాడిదే. తన సరుకును తనే తిట్టేవాణ్ణి అప్పుడే చూశాను. "వద్దంకుల్. సైబీరియాలో చుక్చీ జనం మంచుబండ్లు లాగడానికి పెంచుకున్న జాతి ఇది. 1925లో అలాస్కాలోని నోమ్ ఊరికి డిఫ్తీరియా మందును వెయ్యి కిలోమీటర్ల పైచిలుకు మంచులో చేరవేసింది ఇలాంటి బండికుక్కలే. మా ఇంట్లో ఏసీ గది దీనిది. మేం అందులో అద్దెకుంటున్నట్టు లెక్క" అన్నాడు. నోమ్‌కు మందు మోసినదాన్ని మా బాల్కనీలో నిలబెట్టి ఏం మోయించాలో నాకూ తోచలేదు.

పగ్ సంగతెత్తితే, ముక్కు నొక్కుకుపోయి ఊపిరాడక తిప్పలు పడుతుందన్నారు. స్వదేశీ అయితే తప్పేమిటని ముధోల్ హౌండ్ అడిగాను. బాగల్‌కోట్ జిల్లా వేటకుక్క, 2005లో తపాలా బిళ్ళకెక్కిన ఘనత. "పరుగెత్తడానికి మీ ఇంటి దగ్గర ఎంత చోటుంది?" అని అడిగారు. పార్కింగులో నా స్కూటరు తిప్పుకోవడానికే చోటు లేదు. పైగా దాని పక్కటెముకలు కనబడతాయట. అది దాని ఒంటితీరే గానీ, చూసినవాళ్ళు నేను తిండి పెట్టడం లేదనుకుంటారట.

చివరికి లాబ్రడార్. ఎంత పెట్టినా దానికి ఆకలేనట. కొన్ని లాబ్రడార్లలో కడుపు నిండిందన్న కబురు మెదడుకు సరిగ్గా అందనివ్వని జన్యులోపం ఉందని 2016లో కేంబ్రిడ్జి పరిశోధకులు తేల్చారట. మా ఆవిడ ఇన్నాళ్ళూ నాలోని అదే లోపాన్ని తిండిపోతుతనం అనుకుంటోంది. పిల్లను కొనేముందు తల్లిదండ్రుల తుంటి ఎక్స్‌రేలు అడగమన్నారు. మా అబ్బాయి పెళ్ళికి జాతకాలు అడిగాం గానీ వియ్యంకుడి తుంటి ఎక్స్‌రే అడగలేదయ్యా! ఎనిమిది వారాలు నిండకుండా పిల్లను తల్లి దగ్గర్నుంచి తేకూడదన్నారు. ఆపైన ఆ అమ్మాయి మెల్లిగా అడిగింది: "పది పన్నెండేళ్ళు బతుకుతుందంకుల్. మీ వయసెంత?"

చెప్పాను. తను పైకి ఏమీ అనలేదు. మనసులో కూడింది. ఆ కూడికే నా మూడో అభియోగం.

ఈలోగా మా వాడు ఆ హస్కీ దగ్గర చేరాడు. నేను లాగబోతే ఒక కుర్రాడు ఆపి వాడికి పాఠం చెప్పాడు. ముందు యజమానిని అడగాలి. కదలకుండా నిలబడాలి. పిడికిలి మూసి కాస్త దూరంగా చాచి, అదే వచ్చి వాసన చూసేదాకా ఆగాలి. నెత్తి మీద చెయ్యి పెట్టకూడదు, గడ్డం కింద నిమరాలి. ఇంట్లో రెండు నిమిషాలు కుదురుగా నిలబడని వెధవ, అక్కడ శిలలా నిలబడ్డాడు. కుక్క ముక్కు వాడి పిడికిలికి తగిలింది. వాడు నా వైపు తిరిగి, "తాతా, తడిగా ఉంది" అన్నాడు, గుళ్ళో తీర్థం తీసుకున్నంత భక్తిగా.

"కుక్క అమ్మకపోతే మానె, ఏదో ఒకటి చెప్పు తల్లీ" అన్నాను. "ఉత్త గొలుసు కొనుక్కోండి అంకుల్. మూడు నెలలు, పొద్దున అరగంట, సాయంత్రం అరగంట దాంతో నడవండి. ఒక్క రోజూ మానకపోతే రండి, పిల్లను ఎక్కడ తీసుకోవాలో నేనే చెబుతాను" అంది.

పౌరుషం కొద్దీ కొన్నాను. తెల్లవారి అయిదున్నరకు గొలుసు గలగలలాడించుకుంటూ కాలనీ తిరిగాను. వాచ్‌మన్ మొదటి రోజు "సార్, కుక్కేదీ?" అన్నాడు, నాలుగో రోజుకు నన్ను చూసి అడ్డం తప్పుకోవడం మొదలెట్టాడు. వీధికుక్కలు సైతం జాలిగా చూశాయి.

పద్దెనిమిది రోజులు నడిచాను. పందొమ్మిదో రోజు ఎముకలు కొరికే చలి. మెలకువైతే వచ్చింది. దుప్పటి సందులోంచి చూస్తే మేకుకు గొలుసు వేలాడుతోంది. ఇటు తిరిగి పడుకున్నాను. వంటింట్లోంచి మా ఆవిడ, "ఏమండీ, పాపం ఎంతసేపని ఆపుకుంటుందండీ అది?" అంది.

కుక్కే లేదు గదా అని వాదించవచ్చు. వాదించలేదు.

కాబట్టి ఫిర్యాదు వెనక్కి తీసుకోవడం లేదు. ఆ పందొమ్మిదో రోజు సంగతి మాత్రం షామియానా దాకా పోనివ్వవద్దని ప్రార్థన.

ఇట్లు,
ఒక సంసారి