తాళం వేసిన పై గదులు

డబ్బు పుచ్చుకుని పెట్టే అన్నంలో ఆదరం ఉండదని చాలా ఏళ్లు గట్టిగా నమ్మాను. ఆ నమ్మకంతోనే ఒక మంచి ఇంట్లో అనుమానపు మనిషిలా మసలుకున్నాను. ఆ నమ్మకంతోనే మా ఊరు వెతుక్కుంటూ వచ్చినవాళ్లను గుమ్మం ముందు నుంచే పంపేశాను. ఎంత తెలివితక్కువగా ప్రవర్తించానో ఇప్పుడు చెప్పుకోవాలనిపిస్తోంది. ఎందుకంటే ఎల్లారెడ్డిలో, కామారెడ్డిలో నాలాగే ఆలోచించేవాళ్లు ఇంకా చాలామంది ఉన్నారు.

మాది ఎల్లారెడ్డి. సముద్రానికి చాలా దూరం. నీళ్లంటే మాకు ఊరి చెరువు, నిజాంసాగర్, పోచారం. ఉద్యోగ విరమణ తర్వాత మా ఇంటామె సముద్రం చూద్దామంటే కేరళకు బయల్దేరాం. సికింద్రాబాద్‌లో శబరి ఎక్స్‌ప్రెస్ ఎక్కి ఎర్నాకుళంలో దిగాం. అక్కడి జెట్టీలో పడవెక్కి ఫోర్ట్ కొచ్చి చేరాం. దుబాయిలో ఉన్న మా అబ్బాయి ఫోన్‌లోనే ఒక హోంస్టే మాట్లాడిపెట్టాడు. అంటే, ఇంటివాళ్లు కాపురముండే ఇంట్లోనే మనకొక గది ఇస్తారు, పొద్దున టిఫిన్ ఆ కిరాయిలోనే కలిసి ఉంటుంది.

ఆ ఇంటి ఇల్లాలు గేటు దాకా ఎదురొచ్చి మా ఆవిడ చేతిలోని సంచి అందుకుంది. నేను మాత్రం గడప దాటకముందే, టిఫిన్ వద్దంటే కిరాయి ఎంత తగ్గుతుందని అడిగాను. ఆమె వచ్చీరాని హిందీలో "ముందు లోపలికి వచ్చి కూర్చోండి" అంది. సాయంత్రం చాయ్ తెస్తే, బిల్లులో ఎంత వేస్తారోనని నేను తాగలేదు, మా ఆవిడనూ తాగనివ్వలేదు. మర్నాడు వాళ్లు వంటింట్లో టిఫిన్ సిద్ధం చేస్తుండగానే, ఆలస్యమవుతుందని మా ఆవిడను తొందరపెట్టి బయటికి తీసుకుపోయాను.

ఆ రోజు చూడాల్సినవన్నీ చూశాం. పోర్చుగీసువాళ్లు 1503లో మొదట కట్టిన సెయింట్ ఫ్రాన్సిస్ చర్చి, 1524లో ఈ ఊళ్లోనే కన్నుమూసిన వాస్కోడగామాను మొదట పాతిపెట్టిన చోటు, మట్టాంచేరి రాజప్రాసాదం, 1568 నాటి యూదుల ప్రార్థనామందిరం. ప్రతిచోటా ఫోటో దిగి, ఒక పని అయిపోయిందన్నట్టు ముందుకు నడిచాను. రాత్రి గదికొచ్చాక మా ఆవిడ అడిగింది, "ఇంత తిరిగినం, ఈ ఊరి మనిషితోని ఒక్కమాటన్న మాట్లాడినమా?" నా దగ్గర జవాబు లేదు.

ఆ మరుసటి పొద్దున వాన పట్టుకుంది. బయటికి పోయే వీలు లేక, వాళ్ల బల్ల దగ్గర కూర్చున్నాం. ఇల్లాలు పొగలు కక్కే పుట్టు గొట్టం పట్టుకొచ్చి, వెనక నుంచి పుల్లతో నెట్టింది. బియ్యప్పిండి, కొబ్బరి వరసలు వరసలుగా ఉన్న తెల్లటి దిమ్మ పళ్లెంలోకి జారింది. పక్కన నల్లశనగల కూర, అరటిపండు. అరటిపండును పుట్టులో పిసికి ఎలా తినాలో మా ఆవిడకు చేసి చూపించింది. మా ఆవిడ సర్వపిండి ఎలా చేస్తామో చేతులతో చూపిస్తూ చెప్పింది. ఇద్దరి భాషలూ వేరు, అయినా మాట ఎక్కడా ఆగలేదు. నిన్న ఈ బల్ల మీద మాకోసం ఇదంతా ఎదురుచూసిందని అప్పుడు తెలిసొచ్చింది.

ఆ ఇంటి పెద్దాయన కూడా మాతో కూర్చున్నారు. 1663లో డచ్చివాళ్లు పోర్చుగీసువాళ్లను వెళ్లగొట్టడం, 1795లో ఇంగ్లీషువాళ్లు రావడం ఇరుగుపొరుగు సంగతుల్లా చెప్పుకొచ్చారు. "మీ తెలుగు తీరంలోనూ డచ్చివాళ్లు ఉన్నారు కదా, వాళ్ల గుర్తులేమైనా మిగిలాయా?" అని అడిగారు. భీమునిపట్నంలో డచ్చివాళ్ల సమాధులున్నాయని, మచిలీపట్నంలో వాళ్లు వర్తకం చేశారని ఎప్పుడో చదివినవాణ్ణే. కానీ ఆ ఊళ్లకు ఒక్కసారీ పోలేదు. ఆయనకు చెప్పడానికి అంతకుమించి నా దగ్గర ఏమీ లేదు.

వాన తగ్గాక ఆయనే మమ్మల్ని చైనా వలల దగ్గరికి తీసుకెళ్లారు. ముందురోజు వాటి ముందు నిలబడి ఫోటో దిగాను గాని, పనెట్లా జరుగుతుందో చూడలేదు. పొడుగాటి దుంగల చివర వల వేలాడుతుంది. ఇవతలి కొసన తాళ్లకు పెద్ద పెద్ద రాళ్లు కట్టి ఉంటాయి. వల నీళ్లలో మునిగిన కాసేపటికి నలుగురైదుగురు కలిసి తాడు లాగుతారు. రాళ్ల బరువు దిగుతుంటే అంత పెద్ద వలా పైకి లేస్తుంది. ఆ పూట అందులో పడ్డవి కాసిని చిన్న చేపలే. అయినా పెద్దాయన ఆ మనుషులను పేరుపేరునా పలకరించారు.

వచ్చేసే రోజు బిల్లు చూశాను. గది కిరాయి తప్ప మరేమీ లేదు. చాయ్‌ల కోసమని పైన కొంత ఇవ్వబోతే ఆ ఇల్లాలు చెయ్యి అడ్డం పెట్టింది. "గదికి డబ్బు తీసుకుంటాం, అది మా బతుకుతెరువు. చాయ్ ఇంటికొచ్చినవాళ్లకు ఇచ్చేది" అంది. కిరాయీ ఆదరమూ ఒకే ఇంట్లో, ఒకే మనిషి చేతుల్లో, ఒకదాన్నొకటి చెడగొట్టకుండా ఉండగలవని అప్పుడు గ్రహించాను.

రైల్లో మాత్రం పాత సంగతి ఒకటి గుర్తొచ్చి కుదురుగా కూర్చోలేకపోయాను. అంతకు కొన్నేళ్ల ముందు, చీకటిపడే వేళ, పోచారం అభయారణ్యంలో పక్షులు చూడ్డానికి వచ్చిన ఆలుమగలు మా ఇంటి ముందు ఆగారు. ఈ రాత్రి ఉండటానికి చోటేదైనా ఉందా అని అడిగారు. "ఈడ ఉండనీకి ఏం లేదు సార్. కామారెడ్డికో మెదక్‌కో పోండ్రి" అన్నాను. "పైన రూములు ఖాళీగనే ఉన్నయి గద" అని మా ఆవిడ మెల్లగా అంటే, "ఎవరో ఏందో, మనకెందుకు" అని తలుపేశాను. అబ్బాయి దుబాయి సంపాదనతో కట్టిన ఆ గదులకు అప్పుడూ తాళాలే. మా వైపు ఇట్లాంటి ఇళ్లు ఎన్నో. పిల్లలు గల్ఫ్‌లో ఉంటారు, డబ్బు ఇటుకై మేడలు లేస్తాయి, పై అంతస్తుల్లో దీపం వెలగదు.

చూడ్డానికి మా దగ్గర ఏముందనుకోవడం కూడా నా తెలివితక్కువే. 1922లో పూర్తయిన పోచారం చెరువు, 1952 నుంచి అభయారణ్యంగా ఉన్న దాని చుట్టుపక్కల అడవి ఉన్నాయి. మంజీర మీద 1923లో మొదలుపెట్టి 1931కల్లా కట్టిన నిజాంసాగర్ ఉంది. జుక్కల్ వైపు కౌలాస్ కోట ఉంది. దోమకొండ గడికోటను బాగుచేసిన తీరుకు 2022లో యునెస్కో ఆసియా పసిఫిక్ పురస్కారం వచ్చింది. వీటిని చూడవచ్చినవాళ్లు రాత్రికి ఇక్కడ ఆగితే, జొన్నరొట్టె, పచ్చిపులుసు తిని మనతో నాలుగు మాటలు మాట్లాడితేనే ఈ నేల వాళ్లకు తెలుస్తుంది. పొద్దున వచ్చి పొద్దుగూకేలోగా వెళ్లిపోతే, నేను కొచ్చిలో మొదటిరోజు చూసినంతే వాళ్లూ చూస్తారు.

దీనికి పెద్ద పెట్టుబడి అక్కర్లేదు. కేంద్ర పర్యాటక శాఖకు ఇట్లాంటి ఇళ్లను గుర్తించే పథకం ఉంది. యజమాని కుటుంబం అదే ఇంట్లో ఉండాలి, ఒక గది నుంచి ఆరు గదుల దాకా ఇవ్వొచ్చు. శుభ్రమైన మంచం, మంచి బాత్రూం, వేడి టిఫిన్, దారి చెప్పే మనిషి ఉంటే చాలు. ఇంట్లో ఇద్దరే మిగిలిన పెద్దవాళ్లకు నాలుగు రూపాయలూ వస్తాయి, పలకరింపూ దొరుకుతుంది.

మేం పై గదుల తాళాలు తీసి, సున్నం వేయించి, పరుపులు ఎండబెట్టాం. ఆ ఆలుమగలు మళ్లీ వస్తారో లేదో గాని, ఇంకెవరైనా వస్తే ఉండమంటాం. మీ ఊళ్లోనూ చీకటిపడే వేళ ఎవరైనా వచ్చి చోటుందా అని అడిగితే, లేదనే ముందు మీ ఇంటి ఖాళీ గదులను ఒక్కసారి తలుచుకోండి. వాళ్లను లోపలికి రమ్మనండి.