మార్కులు చెప్పని సంగతి

నా పేరు మూడుల్. కాలేజీల్లో పాఠాలు, అసైన్‌మెంట్లు, పరీక్షలు నడిపించే వెబ్ సాఫ్ట్‌వేర్‌ని. నన్ను పుట్టించిన మార్టిన్ డూగియామస్ ఆస్ట్రేలియాలో ఎడారి ప్రాంతంలో పెరిగాడు. దగ్గర్లో బడి లేక చిన్నప్పుడు షార్ట్‌వేవ్ రేడియోలో పాఠాలు విన్నాడు. బడికి దూరంగా ఉన్న పిల్లల కష్టం అతనికి ఒకరు చెప్పాల్సిన పని లేదు. 2002 ఆగస్టులో నా 1.0 వెర్షన్ విడుదల చేశాడు. జీపీఎల్ లైసెన్సు కింద ఇచ్చాడు కాబట్టి ఎవరైనా నన్ను ఉచితంగా దించుకోవచ్చు, లోపల ఏముందో విప్పి చూడవచ్చు, తమకు కావలసినట్టు మార్చుకోవచ్చు. సర్వరు ఖర్చు, దాన్ని చూసుకునే మనిషి జీతం మాత్రం ఎవరివి వాళ్లే పెట్టుకోవాలి.

2016 మేలో వచ్చిన 3.1 వెర్షన్‌తో నాకు కాంపిటెన్సీలు, అంటే ఒక్కో నైపుణ్యం వచ్చిందో లేదో విడిగా నమోదు చేసే ఏర్పాటు, చేరాయి. నా బతుకులో నాకు బాగా నచ్చిన మలుపు అదే. కొలతల పాఠమైన మెట్రాలజీలో 62 మార్కులు వచ్చాయంటే ఆ అబ్బాయికి మైక్రోమీటర్ పట్టుకోవడం వచ్చో రాదో ఎవరికి తెలుస్తుంది? ఇప్పుడు ఆ సంగతి నేను విడిగా రాసిపెట్టగలను.

ఒక పాలిటెక్నిక్‌లో 'మైక్రోమీటర్‌తో కొలవడం' అనే నైపుణ్యం కింద మూడు ముక్కలు పెట్టారు: జీరో ఎర్రర్ చూసుకోవడం, ర్యాచెట్‌తో బిగించడం, 0.01 మిల్లీమీటరు దాకా రీడింగ్ తీయడం. మూడూ వస్తేనే పై నైపుణ్యం వచ్చినట్టని నాకు రూలు రాశారు. ఒక కుర్రాడు రీడింగ్ చకచకా చెప్పేశాడు గానీ థింబుల్‌ని వేళ్లతో గట్టిగా బిగించేశాడు. "థింబుల్ కాదురా, ర్యాచెట్ తిప్పు. అలా నొక్కితే కొలత తక్కువ చూపిస్తుంది" అన్నారు సార్. ర్యాచెట్ దగ్గర 'ఇంకా రాలేదు' అని పెట్టి, కారణం కూడా ఒక ముక్క రాశారు. కొన్నాళ్లకు కుర్రాడే వచ్చి "ఇప్పుడు చూడండి సార్" అన్నాడు. సార్ చూసి 'వచ్చింది' అని మార్చారు. పాత మాట నేను చెరపలేదు. ఎవరు, ఏ రోజు, ఏం చూసి పెట్టారో రెండూ నా దగ్గర వరసగా ఉన్నాయి.

నాకు కళ్లు లేవు. సార్ చూసిందే నేను చూసినట్టు. అందుకే ఇంకోచోట తనిఖీకి ముందు రాత్రి క్లాసు మొత్తానికీ 'వచ్చింది' అని వరసగా నొక్కేసినప్పుడు నాకు చాలా బాధేసింది. ఆ పిల్లల్లో ఎవరికి ఏం నేర్పాలో తెలిసే దారి అక్కడితో మూసుకుపోయింది. అసైన్‌మెంట్ పూర్తయితే నైపుణ్యం వచ్చేసినట్టే అని నాకు సెట్టింగు పెట్టవచ్చు. అలా పెట్టకండని నా మనవి. ఆ అసైన్‌మెంట్‌ని ఆధారంగా జతచేయమని నాకు చెప్పండి, లేదా సమీక్షకు పంపమనండి. తుది మాట మనిషే చెప్పాలి.

ముందే నేర్చుకున్నదాన్ని చూపించుకునే చోటు కూడా నాలో ఉంది. ఎందుకో దాన్ని వాడేవాళ్లు తక్కువ. విజయవాడ ఆటోనగర్‌లో మామయ్య లేత్ షెడ్డులో సెలవులన్నీ పనిచేసిన ఒక అబ్బాయి, తాను తిప్పిన షాఫ్టుల ఫోటోలు అందులో ఎక్కించి సమీక్ష అడిగాడు. సార్ ఫోటోలతో సరిపెట్టుకోలేదు. అతన్ని లేత్ దగ్గరికి తీసుకెళ్లి, ఒక రాడ్ ఇచ్చి 25 మిల్లీమీటర్లకు దించమన్నారు. టూల్ ఎత్తు సెంటరుకు సరిచూసుకుని, చివర్లో సన్నని కట్ తీసిన తీరు చూశాక ఆయనకు అనుమానం మిగల్లేదు. తర్వాత డ్రాయింగ్ చేతికిస్తే అబ్బాయి టాలరెన్స్ దగ్గర ఆగిపోయాడు. "టర్నింగ్ వచ్చు. డ్రాయింగ్ చదవడం నేర్పాలి" అని నాలో రాశారు. అతని లెర్నింగ్ ప్లాన్‌లో డ్రాయింగ్ నైపుణ్యాన్ని చేర్చి, టర్నింగ్ ప్రాక్టీసుకు ఉన్న గంటలు దానికి మళ్లించారు.