ఎందుకైనా మంచిదని ఒక ఆంబోతు

పాడి పశువు చూడి కట్టడానికి శాస్త్రం రెండు మార్గాలు చెబుతుంది: కృత్రిమ గర్భధారణ, ఆంబోతుతో దాటించడం. పల్లెల్లో మూడోది ఒకటి స్థిరపడింది. పొద్దున ఎదసూది వేయించి, సాయంత్రం అదే ఆవును ఆంబోతు దగ్గరికి తోలడం. పాఠ్యపుస్తకాలు దీనికి ఇంకా పేరు పెట్టలేదు. పాటించేవారు ఏకగ్రీవంగా చెప్పే కారణాన్నే పేరుగా తీసుకుని దీన్ని ‘ఎందుకైనా మంచిది’ పద్ధతి అనుకోవచ్చు. పశువు యజమాని, సూది వేసినవారు, ఆంబోతును మేపేవారు ముగ్గురూ ఈ పద్ధతికి అనుకూలురే. ఆవును ఎవరూ అడగలేదు.

పద్ధతిలోని మొదటి సగం పూర్తిగా శాస్త్రీయం. ఆవు 21 రోజులకోసారి ఎదకు వస్తుంది. అరుస్తుంది, మేత తగ్గిస్తుంది, తీగలు వేస్తుంది, తోటి పశువు మీదికి ఎక్కితే కదలకుండా నిలబడుతుంది. ఈ ఎద 12 నుంచి 18 గంటలు ఉంటుంది. నాటు ఆవుల్లో ఇంకా తక్కువే. ఎద ముగిసిన 10, 12 గంటలకు అండం విడుదలవుతుంది. అందుకే పొద్దున ఎద కనిపిస్తే సాయంత్రం, సాయంత్రం కనిపిస్తే మర్నాడు పొద్దున సూది వేయించాలన్నది నియమం. ఆచరణలో ఈ నియమం కొద్దిగా మారింది: ఎద ఎప్పుడు కనిపించినా, సూది వేసేవారి బండి ఊళ్లోకి వచ్చినప్పుడు వేయించాలి. గేదెల్లో చాలావాటికి మూగ ఎద కాబట్టి అక్కడ బండి రావడమే ఎదకు గుర్తు.

సూదిగా పిలిచే వస్తువు నిజానికి సన్నని ప్లాస్టిక్ గొట్టం. అందులో పట్టేది పావు మిల్లీలీటరు వీర్యం. మైనస్ 196 డిగ్రీల ద్రవ నత్రజనిలో నిద్రపోతున్న ఈ గొట్టాన్ని 37 డిగ్రీల గోరువెచ్చని నీళ్లలో అరనిమిషం ఉంచి, తడి తుడిచి, వెంటనే వాడాలి. గోరువెచ్చని నీళ్లు అందుబాటులో లేనిచోట చొక్కా జేబు, అరచేతుల రాపిడి ఆ బాధ్యత తీసుకుంటాయి. గొట్టం మీద ఆంబోతు జాతి, నంబరు, వీర్యం తీసిన కేంద్రం, తేదీ చీమల బారులాంటి అక్షరాల్లో అచ్చేసి ఉంటాయి. దూడకు తండ్రి ఎవరో చెప్పే పత్రం అదే. పని కాగానే దాన్ని పేడకుప్ప మీదికి విసరడం ఆనవాయితీ.

రెండో సగం వెనక ఉన్నది లెక్క. క్షేత్రస్థాయిలో నూరు సూదులు వేస్తే చూడి నిలిచేవి సుమారు ముప్పై అయిదు నుంచి నలభై. ఆంబోతు కూడా అంతో ఇంతో నిలబెడుతుంది. రెండూ కూడితే ఎనభైకి తగ్గదని పాడి రైతు వేళ్ల మీద లెక్కేస్తాడు. కూడిక తప్పు కాదు, కూడిన వస్తువులే తప్పు. ఒక ఎదలో ఆవు విడుదల చేసే అండం సాధారణంగా ఒక్కటే. వేళ దాటిపోయి ఉంటే సూదికి ఆలస్యమే, ఆంబోతుకీ ఆలస్యమే. గర్భాశయంలో చీము ఉంటే ఇద్దరికీ అదే చీము. ఆవు అసలు ఎదలోనే లేకపోతే ఆంబోతు కనీసం వాసన చూసి తప్పుకుంటుంది. సూది వేసేవారికి ఆ సౌకర్యం లేదు. ఇక వేళ సరిగ్గా కుదిరిన చోట పోటీ మరీ ఏకపక్షం. గొట్టంలో ఉన్నవి రెండు కోట్ల వీర్యకణాలు, గడ్డకట్టి కరిగాక వాటిలో సుమారు సగమే చురుగ్గా ఉంటాయి. సాయంత్రం వచ్చే ఆంబోతు తెచ్చేవి వందల కోట్లు, అన్నీ తాజావి.

ఇంత చేసినా పద్ధతికి ఒక గొప్పతనం ఉంది: ఇందులో ఎవరూ ఓడిపోరు. చూడి నిలిస్తే సూది వేసినవారు తమ రిజిస్టరులో ఒకటి రాసుకుంటారు, ఆంబోతు యజమాని తన కోడె సత్తా గురించి రచ్చబండ దగ్గర చెప్పుకుంటాడు. నిలవకపోతే ఇద్దరూ రెండోవారి వైపు చూపిస్తారు. ఆవు తిరగబొర్లుతుంది. మళ్లీ సూది, మళ్లీ ఆంబోతు, మళ్లీ ఇద్దరికీ రుసుము. మూడో ఎద కూడా వృథాగా పోయాక తప్పెవరిదో అందరికీ ఏకాభిప్రాయం కుదురుతుంది: గొడ్డు ఆవు. దాన్ని సంతకు తోలేస్తారు. వేళ తప్పిందా, వీర్యం చచ్చిందా, ఆంబోతు పనికిరానిదా, ఆవుకు ఖనిజ లవణాల లోపమా అన్న నాలుగు ప్రశ్నల్లో ఒక్కదానికైనా జవాబు దొరికే వీలు లేకుండా చేసిన ఏర్పాటు ఇది. పశువైద్యుడిని పిలిచినా ఆయన చేతిలో పెట్టడానికి ఒక్క నికరమైన తేదీ ఉండదు.

దూడ పుట్టాక విచారణ మొదలవుతుంది. ఒంగోలు పోలికలున్న తెల్లావుకు హెచ్‌ఎఫ్ (హోల్‌స్టీన్ ఫ్రీజియన్) జాతి సూది వేస్తే నల్ల దూడ పుట్టడం పరిపాటి, ఎందుకంటే ఆ నలుపు తెలుపును అణచివేసే రంగు. ‘ఎందుకైనా మంచిది’ ఇళ్లలో మాత్రం తెల్లని దూడ, వేలాడే గంగడోలుతో, ఊరి ఆంబోతు చూపుతో లేచి నిలబడుతుంది. అక్కడ జరిగే సంభాషణ దాదాపు ఎప్పుడూ ఒకటే.

“ఏంటి డాక్టరుగారూ, దూడ తెల్లగా పుట్టింది?”

“తల్లి పోలికండీ. పాలు మటుకు తండ్రి పోలికే వస్తాయి, చూస్తా ఉండండి.”

చూస్తూ ఉంటారు. ముర్రా గేదెల వాళ్లకు ఈ చిక్కు కూడా లేదు. అక్కడ తండ్రి ఎవరైనా నలుపే కాబట్టి కుటుంబ గౌరవానికి ఢోకా ఉండదు.

కృత్రిమ గర్భధారణతో కలిగే లాభం మేలు జాతి ఒక్కటే కాదు. ట్రైకోమోనియాసిస్, విబ్రియోసిస్ వంటి జబ్బులు ముఖ్యంగా దాటు ద్వారానే పాకుతాయి. వాటిని మోసే ఆంబోతు నిగనిగలాడుతూనే ఉంటుంది, ఈడ్చుకుపోయేది ఆవులే: ఎదలు తప్పడం, తొలి నెలల్లోనే గర్భం పోవడం, తిరగబొర్లడం. వీర్య కేంద్రాల్లో ఆంబోతులను పరీక్షించి ఈ గొలుసును తెంచుతారు. పొద్దున తెగిన గొలుసును సాయంత్రం అతికించడం మూడో మార్గంలోనే సాధ్యం.

ఊరి ఆంబోతు వంశవృక్షం కూడా చిన్నదే. పెద్దల పేరిట అచ్చు వేసి వదిలిన కోడె అయినా, ఎవరో ఉదారంగా మేపుతున్నదైనా, ఊరంతటికీ అల్లుడై ఏళ్లకేళ్లు ఉండిపోతుంది. తొమ్మిది నెలలకు దాని కూతురు పుడుతుంది, సంకర పెయ్య అయితే మరో ఏడాదిన్నరకు ఎదకు వస్తుంది. అంటే మూడో ఏడు తిరిగేలోపే అల్లుడు సొంత కూతుళ్లకు మొగుడవుతాడు. రెండు మూడేళ్లకోసారి ఆంబోతును మార్చాలని పశుసంవర్ధక శాఖ చెబుతూనే ఉంటుంది. పెద్దల పేరిట వదిలినదాన్ని మారిస్తే పెద్దలు ఊరుకోరని ఊరు చెబుతూనే ఉంటుంది.

సూదినీ ఆంబోతునీ ఒకే మందలో నడపడం అసాధ్యమేమీ కాదు. విసుగు పుట్టించేంత సులువు. ఎదలో సూది వేయించి, తేదీ రాసుకుని, ఆ ఆవును రెండు వారాలు ఆంబోతుకు దూరంగా కట్టేస్తే చాలు. నిలవకపోతే 21వ రోజు ప్రాంతంలో అదే మళ్లీ ఎదకు వస్తుంది. రెండు సూదులు నిలవని ఆవును ఆంబోతుకు వదలొచ్చు, ఆ తేదీ కూడా రాయాలి. ఆవు సుమారు 280 రోజులు మోస్తుంది, గేదె 310. ఈనిన రోజు నుంచి వెనక్కి లెక్కిస్తే తండ్రి ఎవరో క్యాలెండరే చెబుతుంది. రెండు మూడు నెలలకు చూడి పరీక్ష చేయించాలి. చూడి ఆవుల్లోనూ కొన్ని ఎద లక్షణాలు చూపుతాయి, చూడకుండా మళ్లీ సూది వేస్తే ఉన్న గర్భం పోవచ్చు. ఆంబోతును బ్రూసెల్లాకీ మిగతా జబ్బులకీ పరీక్షించి, వీర్యం చూపించి మరీ మందలోకి తేవాలి. వీటన్నిటికీ కావలసిన సామగ్రి ఒక పలుపుతాడు, గోడ మీద ఒక క్యాలెండరు. ఆ క్యాలెండరులో పాలవాడి లెక్కకు చోటుంది, చీటీల పాటకు చోటుంది. ఆవు తేదీకి మాత్రం జ్ఞాపకశక్తి చాలంటారు.

ఇక మిగిలింది ప్రభుత్వ లెక్క. రాష్ట్రీయ గోకుల్ మిషన్ 2014లో మొదలైంది, దేశవ్యాప్త కృత్రిమ గర్భధారణ కార్యక్రమం 2019లో. పశువు చెవికి పన్నెండు అంకెల పోగు వేసి, వేసిన సూదిని ఆ అంకె కింద కంప్యూటరులో ఎక్కిస్తారు. దూడ పుట్టగానే తండ్రి గడిలో గొట్టం మీది నంబరు చేరుతుంది. సాయంత్రం వచ్చిన ఆంబోతుకు చెవిపోగు లేదు, లాగిన్ అంతకంటే లేదు. ఆంబోతు విలువను దాని కూతుళ్ల పాల దిగుబడిని బట్టి కట్టే సంతాన పరీక్షల్లోకి ఇలాంటి దూడ ఒకటి చేరిందంటే, ఎక్కడో షెడ్డులో పరీక్షించిన దాణా తింటూ, ఈ ఊరి మొహం ఎన్నడూ చూడని ఒక ఆంబోతు పూటకు రెండు లీటర్లిచ్చే కూతురికి తండ్రవుతుంది. దాని మార్కులు తగ్గుతాయి. ఆ కూతురి అసలు తండ్రి అప్పటికి పక్కింటి చేలో జొన్న మేస్తూ ఉంటుంది.