సెలవు చీటీకి టీకా తాత్పర్యాలు

మూలం: అయ్యా, నాకు ఒంట్లో బాగోలేనందున ఈ ఒక్కరోజు సెలవు ఇప్పించ ప్రార్థన.

అవతారిక. ఇది ఏకవాక్య కావ్యం. ప్రతి ప్రతికీ కర్త మారతాడు, తేదీ మారుతుంది, పాఠం మాత్రం మారదు. ఖమ్మం కలెక్టరేట్ గుమస్తా రాసినా, దుమ్ముగూడెం అడవిలో బీటు ఆఫీసరు రాసినా, చర్ల వైపు ఆశ్రమ పాఠశాల పంతులు రాసినా అక్షరం తేడా ఉండదు. నాయకుడు ఉద్యోగి, ప్రతినాయకుడు పని. రసం కరుణ, పై అధికారి బల్ల చేరాక అది హాస్యంగా మారడమూ కద్దు. ఇందులో కవిత్వం లేదని వ్యాఖ్యాతలెవరూ దీని జోలికి పోలేదు. పని ఒత్తిడిలో కులాసాగా, హుషారుగా ఉండటం ఎలాగో చెప్పే పుస్తకాలు మాత్రం బస్టాండు కొట్టులో కూడా దొరుకుతున్నాయి. వాటిని చదివేవాళ్లంతా ఆ విషయం మీద స్వయంగా రాసే గ్రంథం ఈ ఒక్క వాక్యమే కనుక టీక అవసరమైంది. మనిషిని పనిలో నిలబెట్టేది గుండెనిబ్బరం కన్నా ముందు అతని బయట గీసిన గీత అని ఈ వాక్యమే చెబుతోందని మా వాదం.

ప్రతిపదార్థం. 'అయ్యా' అనేది సంబోధన. అధికారి స్త్రీ అయినా కొన్ని ప్రతుల్లో ఇదే కనిపిస్తుంది, అది లేఖక దోషం. 'నాకు' షష్ఠి, తేలిక. 'ఒంట్లో' దగ్గర మాత్రం ఆగాలి. ఈ ఖమ్మం, భద్రాచలం ప్రాంతంలో నోటి మాటగా 'పాణం బాగలేదు' అంటారు. పాణమంటే ప్రాణం. అందులో జ్వరమూ ఉంది, దిగులూ ఉంది, పొద్దున్నే లేచి ఆఫీసు ముఖం చూడబుద్ధి కాకపోవడమూ ఉంది. అంత విశాలమైన మాట కాగితం మీదికి వచ్చేసరికి 'ఒంట్లో' అని కుంచించుకుపోయింది. మనసు బాగోలేదని రాసిన సెలవు చీటీని మన కార్యాలయాలు ఎరగవు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో తన రోగాల పట్టికకు కొత్త కూర్పు ఆమోదించినప్పుడు బర్నౌట్‌ను అందులో చేర్చింది గానీ, రోగంగా చేర్చలేదు. చక్కదిద్దని పని ఒత్తిడి వల్ల కలిగే స్థితి అంది. లక్షణాలు మూడు చెప్పింది: సత్తువ ఉడిగిపోవడం, చేసే పని మీద విముఖత, చేతనవుననే నమ్మకం తగ్గడం. అంటే కారణం ఉద్యోగంలో ఉంది, చీటీలో చూపించాల్సింది ఒంట్లో. ఈ ఇరకాటంలో పడ్డ కవి లేని జ్వరాన్ని తెచ్చుకుంటాడు. దాన్ని అబద్ధమనకూడదు, లక్షణార్థం. గంగలో గొల్లపల్లె అంటే గంగ ఒడ్డున పల్లె అని శాస్త్రకారులు అర్థం చెప్పుకోలేదా? అలాగే ఒంట్లో అంటే ఒంటి ఒడ్డున.

'బాగోలేనందున' హేతువు. ఇక్కడ శంక: బాగోలేకపోవడం ఎప్పుడు మొదలైనట్టు? మనిషి విషయంలో జవాబు లేని ఈ ప్రశ్నకు భద్రాచలంలో గోదావరి విషయంలో మాత్రం ఖచ్చితమైన జవాబుంది. 43 అడుగులకు మొదటి ప్రమాద హెచ్చరిక, 48కి రెండోది, 53కి మూడోది. నదిని 'ఎలా ఉన్నావు' అని ఎవరూ అడగరు, కొలబద్ద చూస్తారు. 43 దగ్గర ఊరు మునగదు, ఎవరూ ఏడవరు. అయినా హెచ్చరిక వెలువడుతుంది, పల్లపు కాలనీల వాళ్లు సామాన్లు సర్దుకుంటారు. హెచ్చరిక ఇచ్చినందుకు గోదావరిని పిరికిదని ఎవరూ అనలేదు. ఇక చట్టం వైపు చూడండి. 1948 ఫ్యాక్టరీల చట్టం వారానికి 48 గంటలు మించి పని చేయించరాదంది. 1952 గనుల చట్టమూ అదే లెక్క చెప్పి, భూగర్భంలో రోజుకు 8 గంటలే అని, వారంలో ఒక రోజు విశ్రాంతి ఉండి తీరాలని కలిపింది. వారానికి 55 గంటలు, ఆపైన పని చేసేవాళ్లలో పక్షవాతం, గుండెజబ్బుల వల్ల 2016లో సుమారు 7,45,000 మంది చనిపోయారని ప్రపంచ ఆరోగ్య సంస్థ, అంతర్జాతీయ కార్మిక సంస్థ కలిసి 2021లో అంచనా కట్టాయి. అడుగుల్లో 48, 53. గంటల్లో 48, 55. కాకతాళీయమే, కాదనం. కాని కాకీ తాటిపండూ ఇంత దగ్గర దగ్గరగా పడ్డప్పుడు వ్యాఖ్యాత చూసీచూడనట్టు పోతే శ్లేషకు అపచారం.

'ఈ ఒక్కరోజు': 'ఒక్క'లోని ద్విత్వం క్షమాపణను సూచిస్తుంది. 'సెలవు' నానార్థక పదం. అనుమతి ఒక అర్థం, పెద్దలు మాట్లాడటం మరొకటి. అందుకే సెలవివ్వండి అంటాం. తమిళులకు ఇదే మాట ఖర్చు. మూడూ ఇక్కడ అన్వయిస్తాయి: అధికారి అనుమతించాలి, అనుమతిస్తూ నాలుగు మాటలు సెలవివ్వాలి, ఖర్చు ఉద్యోగి ఖాతాలోని క్యాజువల్ లీవు.

'ఇప్పించ' అనే మాటలో ఈ వాక్యం గుట్టంతా ఉంది. కవి 'ఇవ్వ' అనలేదు, 'ఇప్పించ' అన్నాడు. ప్రేరణార్థకం. ఇచ్చేవాడు వేరే ఉన్నాడు, అధికారి ఇప్పించేవాడు మాత్రమే. ఇచ్చేదెవరు? నిబంధన. ఈ ప్రాంతంలో ఈ సంగతి అందరికన్నా బాగా తెలిసినవాళ్లు బాయి పనివాళ్లు, అంటే బొగ్గు గని కార్మికులు. ఇల్లందులో 1889లో బొగ్గు తవ్వకం మొదలైంది, కొత్తగూడెం సింగరేణి సంస్థకు కేంద్రం. అక్కడ రోజును ఇష్టాయిష్టాలతో కొలవరు. మొదటి షిఫ్టు, రెండో షిఫ్టు, రాత్రి షిఫ్టు. దిగాక ఎన్ని గంటలు, ఎక్కాక ఎవరు దిగాలి అన్నది ముందే రాసుంటుంది. మస్టరు పడిందా లేదా అన్నదే మాట. బాయిలో పని సుఖమని ఎవరూ అనరు. కాని షిఫ్టు అయిపోయిందన్న సంగతి అక్కడ మనిషి ధైర్యం మీద ఆధారపడదు. అదే బొగ్గు లెక్కలు కంప్యూటర్లో ఎక్కించే ఉద్యోగికి రాత్రి పదింటికి వాట్సాప్‌లో 'అర్జెంట్' అని వస్తే, షిఫ్టు అయిపోయిందని చెప్పడానికి అతనికి ధైర్యం కావాలి. గని లోతు తెలిసినంత బాగా ఫోను లోతు చట్టానికి ఇంకా తెలియదు.

'ప్రార్థన': హక్కుగా రావలసినదాన్ని ప్రార్థించడమేమిటని ఆక్షేపించేవాళ్లున్నారు. దేశాచారం అని సమాధానం. కొలువులో ఉండి ప్రార్థన చేయడం ఈ సీమకు కొత్త కాదు.

ఇతి ప్రతిపదార్థం. ఇక పూర్వపక్షులు. మొదటివాడు ఆ చివరి మాటే పట్టుకుంటాడు. నేలకొండపల్లిలో పుట్టిన కంచర్ల గోపన్న, అంటే భక్త రామదాసు, తానీషా ఏలుబడిలో పాల్వంచ పరగణా తహసీల్దారు. సర్కారు పైకంతో భద్రాచలంలో రాముడి గుడి కట్టించి, గోల్కొండ చెరలో పన్నెండేళ్లున్నాడని ఐతిహ్యం. ఆయన సెలవు అడిగాడా? ఇష్టమైన పనికి ఒత్తిడేమిటి? గట్టి ప్రశ్నే. అయితే రామదాసు కీర్తనలు విన్నవాళ్లకు తెలిసిన సంగతి ఒకటుంది. ఆయన మౌనంగా భరించలేదు. ఏ నగకు ఎన్ని మొహరీలు పట్టాయో పద్దు చదివి మరీ రాముణ్ని నిలదీశాడు, తిట్టాడు, తిట్టినందుకు నొచ్చుకున్నాడు, మళ్లీ పద్దు తీశాడు. సెలవు అంటే ఖర్చు అన్న అర్థానికి ఇంతకన్నా మంచి ప్రయోగం దొరకదు. ఆ సణుగుడు పైవాడి చెవికి సోకే దారి ఉంది కనుకనే భక్తి నిలిచింది. ఆదర్శ ఉద్యోగిగా ఆయన్ను చూపించే అధికారులు, తమ గదిలో అలాంటి పద్దు వినిపిస్తే ఓర్చుకోగలరేమో ముందు చూసుకోవాలి. పైగా ఆ ఇష్టం చివరికి ఆయన్ను చేర్చింది చెరసాలకు. ఇష్టం గీత కాదు. గీత లేని ఇష్టం ఎంత దూరమైనా పోతుంది.

రెండోవాడు యోగవాది. శ్వాస మీద ధ్యాస పెట్టండి, పొద్దున్నే నడవండి, మనసు గట్టిచేసుకోండి అంటాడు. మేం కాదనం, కరకట్ట వద్దని ఎవరంటారు? భద్రాచలానికి కరకట్ట ఉంది, ఉండాలి. కాని వరద బయట పెరిగినప్పుడు కట్టలోని స్లూయిస్‌లు మూసేస్తారు. అప్పుడు ఊళ్లో కురిసిన వాన నీరు నదిలోకి పోలేక రామాలయం పరిసరాల్లోనే నిలిచిపోతుంది, మోటార్లు పెట్టి తోడాల్సి వస్తుంది. మనసు గట్టిచేసుకున్న ఉద్యోగి పరిస్థితి ఇదే. బయటి నీరు లోపలికి రాదు, లోపలి నీరు బయటికి పోదు. రాత్రి ఇంటికెళ్లి పిల్లల మీద విసుక్కోవడం ఆ మోటారు చప్పుడే.

మూడోవాడు, అందరూ సెలవంటే పని ఆగిపోదా అంటాడు. 2022 జులైలో గోదావరి 71.3 అడుగులకు వచ్చినప్పుడు భద్రాచలం వంతెన మీద రాకపోకలు ఆపేశారు. వరద తీశాక మళ్లీ వదిలారు. ఆపినందుకు వంతెన సోమరిదైపోలేదు.

నాలుగోవాడి ప్రశ్న వీటన్నిటి కన్నా బరువైనది. చీటీ రాయడానికి ఉద్యోగమే లేనివాళ్ల మాటేమిటి? వేసవిలో ఈ అడవి అంచున కోయ కుటుంబాలు తెల్లారకముందే తునికాకు, అంటే బీడీ ఆకు, ఏరడానికి పోతాయి. 50 ఆకులు ఒక కట్ట, కట్టలు కల్లానికి చేరాలి, కూలి కట్టల లెక్కన. ఎండే వాళ్ల కొలబద్ద; అదే ఇంటికి పొమ్మంటుంది, అదే మర్నాడు త్వరగా లేపుతుంది. ఎండ పెట్టే గీత ఒళ్లును కొంత కాపాడుతుంది కాని కూలిని కాపాడదు. ఒక పూట పాణం బాగలేకపోతే ఆ పూట కట్టలు లేవు, అంతే. ఇప్పించేవాడు లేడు కనుక ప్రార్థనా లేదు. ఆకు ముదిరితే కొనరు, అందుకని ఆ కొద్ది వారాలూ బాగుండక తప్పదు. విచిత్రమేమంటే తునికి చెట్టు విషయంలో మాత్రం అందరికీ జ్ఞానముంది. వేసవి ముందే పొదలు కొట్టించి వదిలేస్తారు, అప్పుడే మెత్తని కొత్త ఆకు వస్తుంది. ఏరే చేతికి అలాంటి విడుపు ఎవరూ రాయలేదు. ఇక్కడ మా టీక మూలాన్ని దాటి పోతుంది. మూలంలో లేనిదాన్ని వ్యాఖ్యాత పూరించడం దోషమైతే, ఆ దోషం ఒప్పుకుంటున్నాం.

చివర ఒక పాఠ విశేషం. చీటీ కింద తేదీ ఎప్పుడూ సెలవు రోజుదే, లేదా దాని మర్నాటిది. జ్వరం ముందుగా చెప్పి రాదు కదా అని లౌకికుల సమాధానం. మూలంలోని జ్వరం లక్షణార్థమని పైన తేల్చాం కనుక ఆ సమాధానం నిలవదు. భద్రాచలం లెక్కన చూస్తే ఈ చీటీ, 43 అడుగుల నాడు రాయవలసింది, మూడో హెచ్చరిక కూడా దాటాక రాసినది. చేతిరాత వంకరగా ఉండటానికి కూడా అదే కారణం.